12 వోల్టుల లెక్క మీటరుతో తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కంప్యూటర్ పవర్ సప్లైలోని 12 వోల్టుల లైను, వోల్టేజీ చూపే సాఫ్ట్‌వేర్‌లో 8 చూపిస్తోందని టెన్షన్ పడి కొత్త పవర్ సప్లై కొనేయకు. నిజంగా 8 వోల్టులే వస్తుంటే ఆ సాఫ్ట్‌వేర్ తెరవడానికి కంప్యూటరే ఉండేది కాదు.

ఆ అంకె పవర్ సప్లై చెప్పేది కాదు నాయనా. మదర్‌బోర్డు మీది సెన్సర్ చిప్ చెప్పేది. ఆ బుల్లి చిప్ 12 వోల్టులను నేరుగా తట్టుకోలేదు. అందుకని రెండు రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించి దానికి ఇస్తారు. చిప్ చదివిన విలువను సాఫ్ట్‌వేర్ మళ్ళీ గుణించి మనకు చూపిస్తుంది. నీ బోర్డులో ఏ రెసిస్టర్లు వేశారో దానికి తెలియకపోతే లెక్క తప్పుతుంది. సాఫ్ట్‌వేర్‌లోని మైనస్ 12 వోల్టుల గడిని అసలు పట్టించుకోకు, చాలా బోర్డుల్లో అది చిప్‌కు కలిపి కూడా ఉండదు.

ముందు బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో చూడు. బోర్డు చేసినవాళ్ళకు తమ రెసిస్టర్లు తెలుసు కాబట్టి అది కాస్త నయం. తర్వాత మల్టీమీటర్ తియ్యి. దాని బ్యాటరీ నీరసించి ఉంటే అదీ అబద్ధాలాడుతుంది, ముందే మార్చెయ్. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, పవర్ సప్లై నుంచి వచ్చే ఖాళీ మోలెక్స్ (నాలుగు పిన్నుల) కనెక్టర్‌లో నల్ల వైరుకు నల్ల ప్రోబ్, పసుపుకు ఎర్ర ప్రోబ్ ఆనించు. పసుపు 12, ఎరుపు 5. వైర్లన్నీ నలుపైతే రంగుతో పని లేదు, పిన్నుల వరుస చూసుకో. చెయ్యి జారి ప్రోబ్ రెండు పిన్నులకు తగిలితే షార్టే, తొందరపడకు.

12కి 11.4 నుంచి 12.6 వరకు, 5కి 4.75 నుంచి 5.25 వరకు మామూలే. అయితే కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే సగమే తెలుస్తుంది. గేమో, స్ట్రెస్ టెస్టో (కంప్యూటర్‌కు గట్టిగా పని పెట్టే ప్రోగ్రామ్) నడుపుతూ మీటరు చూడు, ఆ పని భారమే లోడ్. మీటరు బాగుండి, సాఫ్ట్‌వేర్ అంకె ఎప్పుడూ ఒకే తేడాతో తప్పుగా ఉంటే అది సెన్సర్ లెక్కలో తప్పు. లోడ్ పడగానే మీటరులోనూ 11.4 కిందికి జారితే పవర్ సప్లైదే లోపం. మీటరు బాగుండి, లోడ్‌తో పాటు సాఫ్ట్‌వేర్ అంకె ఒక్కటే జారుతుంటే, కంప్యూటర్ ఆపి ప్లగ్ పీకి మదర్‌బోర్డుకు పెట్టిన 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి చూడు. ఏ పిన్నయినా గోధుమరంగుకు తిరిగిందా, వదులైందా అని.

అన్నీ బాగున్నా రీస్టార్ట్ అవుతుంటే రిపుల్, అంటే వోల్టేజీలో చాలా వేగంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు అయి ఉండొచ్చు. దాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు, ఆసిలోస్కోప్ కావాలి. అంత దూరం పోకుండా ఎవరిదైనా మంచి పవర్ సప్లై అడిగి ఒక రోజు పెట్టి చూడు. ఒక్కటి మాత్రం, అది మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీసే రకం) అయితే దానితో వచ్చిన కేబుళ్ళే వాడు. పాతవి కనెక్టర్‌లో సరిపోయినా పిన్నుల వరుస వేరై బోర్డు కాలిపోవచ్చు. ఇక పవర్ సప్లై డబ్బా మూత విప్పకు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ నిలిచి ఉంటుంది.

లోడ్ మీద వచ్చిన అంకెలు రాసి పంపు.

మీ బాబాయి