రాయోంగ్‌లో స్థలం కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు థాయిలాండ్‌లోని రాయోంగ్‌లో ప్యాకింగ్ డబ్బాల ఫ్యాక్టరీ పెడుతున్నావనీ, తెనాలి దగ్గరి ఎకరంన్నర బేరానికి పెట్టమన్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని అటక మీది పాత ఫైళ్లు దింపడం. మీ అత్తయ్య తిట్టింది. ఆ దేశంలో లెక్కలు రాసి జుట్టు నెరిసిన మామయ్య ఒకడున్నాడని నీకు తట్టలేదా? అంతా ఖరారయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నావేమో. మన ఇంట్లో అందరిదీ అదే బుద్ధి.

కంపెనీ రిజిస్ట్రేషన్, వీసాలు, బ్యాంకు ఖాతా అక్కడి వకీళ్లు చూసుకుంటారు. ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పరిమితి మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్లు. మిగతాది ఆడిటర్‌ని అడుగు. నా బెంగంతా స్థలం గురించే.

"నూరు శాతం మన కంపెనీయే, భూమి కూడా మన పేరునే" అన్నావట. నిజమే, వీలుంది. కానీ ఎలా వీలైందో తెలుసుకో. అక్కడి 1954 నాటి భూమి కోడ్ విదేశీయులను భూమి దరిదాపులకు రానివ్వదు. కంపెనీ అక్కడే రిజిస్టరైనా సరే, మూలధనంలో విదేశీ వాటా 49 శాతం దాటినా, వాటాదారుల్లో సగానికి పైగా విదేశీయులైనా, భూమి విషయంలో అది పరాయి కంపెనీయే. డబ్బుతోపాటు తలలూ లెక్కపెడతారు. నీకు తలుపు తీసింది 1977 నాటి పెట్టుబడుల ప్రోత్సాహక చట్టంలోని 27వ సెక్షన్. బీఓఐ, అంటే అక్కడి ప్రభుత్వ పెట్టుబడుల బోర్డు, ప్రోత్సాహం ఇచ్చిన కంపెనీ, ఆ ప్రోత్సాహం దేనికిచ్చారో ఆ పని కోసం, బోర్డు తగునన్నంత మేరకు భూమి సొంతం చేసుకోవచ్చు.

మీ తాతయ్య తన పొలంలో వరి వేసినా, మినుము చల్లినా, బీడు పెట్టినా అడిగినవాడు లేడు. నీకు రాయోంగ్‌లో దక్కేది ఆ రకం సొంతం కాదమ్మా. డబ్బాల కోసం ఇచ్చిన నేలలో ఓ మూల గోదాము కట్టి ఇంకెవరికో అద్దెకిస్తానంటే ఒప్పుకోరు. కంపెనీ మూతపడినా, ఆ వ్యాపారం వేరొకరికి బదిలీ అయినా, ఏడాదిలోగా భూమి అమ్మేయాలి. లేదంటే భూమి శాఖ డైరెక్టర్ జనరలే అమ్మించేస్తాడు.

ఇక్కడ నీకు ఒకాయన సంగతి చెప్పాలి. పేరెందుకులే, భీమవరం వైపు వాడు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో థాయిలాండ్‌లోనే చోన్‌బురిలో ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీ పెట్టాడు. బీఓఐ అనుమతితో ఆరు రాయ్ కొన్నాడు. రాయ్ అంటే 1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో 40 సెంట్లకు కాస్త తక్కువ. పక్కనే మరో మూడు రాయ్ అమ్మకానికి వచ్చింది. మున్ముందు ధర పెరుగుతుందని ఆశ. ఫ్యాక్టరీకి అవసరమని చూపిస్తేనే తప్ప బోర్డు ఇవ్వదు. దాంతో తన దగ్గర గుమాస్తాగా ఉన్న థాయ్ అమ్మాయి పేరున రాయించాడు. ఆ పిల్ల నిజాయితీపరురాలే; అమ్మానాన్నల్ని చూసినట్టు ఆయన ఇంటివాళ్లను చూసేది. తొమ్మిది రాయ్ చుట్టూ ఒకటే ప్రహరీ కట్టించి, లోపల కొబ్బరి మొక్కలు పెట్టించి, మాకందరికీ భోజనాలు పెట్టాడు. పెరుగుపచ్చడి బాగుందని మెచ్చుకుని వచ్చాం.

1997 జులై 2న థాయ్ కరెన్సీ బాత్ విలువను నిలబెట్టడం మానేసి మార్కెట్‌కు వదిలేశారు. అంతవరకూ డాలరుకు 25 ఉన్నది ఆరు నెలలు గడిచేసరికి 50 దాటింది. డాలర్లలో అప్పు తెచ్చినవాళ్లకు అప్పు రెట్టింపైంది. ఆ గుమాస్తా భర్త కారు విడిభాగాల కొట్టు మునిగింది, ఆమె అతనికి హామీ సంతకం పెట్టింది, బ్యాంకువాళ్లు ఆమె పేరున ఉన్నవన్నీ జప్తు చేశారు. మూడు రాయ్ కూడా. కోర్టు నోటీసు తెచ్చి మనవాడు కట్టించిన ప్రహరీ మీదే అంటించారు. అతడు కోర్టుకు వెళ్లి "ఆ డబ్బు నాది" అనాలంటే ముందు "చట్టం తప్పాను" అనాలి. పేరు అరువిచ్చినందుకు ఆ పిల్లకూ రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. తర్వాత కంపెనీయే మూతపడింది. ఇక మిగిలిన ఆరు రాయ్ కీ ఆ ఏడాది గడువు గడియారం మొదలు. 1998లో అక్కడ ఫ్యాక్టరీ స్థలం కొనే నాథుడెవడు? నెలలు దొర్లిపోతుంటే, అడిగినవాడికి అడిగిన ధరకు ఇచ్చేసి భీమవరం చేరాడు.

ఇప్పుడు 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం బినామీలకు మూడేళ్ల దాకా జైలు పెట్టింది. "అందరూ చేస్తున్నదే మేడమ్" అని ఏ బ్రోకరైనా అంటే, వాడితో కాఫీ కూడా తాగకు.

స్థలం చూడటానికి వెళ్లినప్పుడు పట్టా అడుగు. చనోత్ అంటారు. పైన ఎర్ర గరుడ ముద్ర, లోపల హద్దుల పటం, వెనకవైపు ఆ భూమి ఎవరి చేతులు మారిందో, ఎక్కడ తాకట్టుందో వరుసగా రాసి ఉంటుంది. అమ్మేవాడి ప్రతి ఒక్కటే చూసి నమ్మొద్దు. భూమి కార్యాలయంలో ఇంకో ప్రతి ఉంటుంది, రెండూ పోల్చి చూడు. తేదీలో 2540 అని ఉంటే కంగారుపడకు, బౌద్ధ శకం, 543 తీసేయాలి. నీలం గరుడతో సోపోకో కాగితం చూపిస్తే మర్యాదగా లేచి వచ్చేయి. అది మన అసైన్డ్ భూమి లాంటిది, సాగు చేసుకొమ్మని రైతుకిచ్చింది.

బీఓఐ ప్రోత్సాహ పత్రం వచ్చినంత మాత్రాన భూమి అనుమతి వచ్చినట్టు కాదు, దానికి వేరే దరఖాస్తు. ఆ అనుమతి రాకపోతే బయానా తిరిగివ్వాలని ఒప్పందంలో రాయించు. పారిశ్రామిక వాడలోపల కొంటే 1979 నాటి వేరే చట్టం కింద హక్కు వస్తుంది, అది కొంత సుళువు.

నా మాట వింటావా? మొదట కట్టి ఉన్న షెడ్డు అద్దెకు తీసుకో. కౌలు 30 ఏళ్ల దాకా రాసుకోవచ్చు, మూడేళ్లు దాటితే రిజిస్టర్ చేయించాలి. అమ్మ పేరున ఉన్న ఆ ఎకరంన్నర అమ్మి అక్కడ నేల కొనడం నాకు మింగుడుపడటం లేదు. సెంటిమెంటు అంటావు. అవును, సెంటిమెంటే. మీ నాన్న పోయాక అమ్మ ఆ పొలం కౌలు డబ్బుతోనే నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టింది. ఆ రసీదులు కొన్ని ఈ ఫైళ్లలోనే కనబడ్డాయి. మిషన్లకు అప్పు కావాలంటే నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, మొహమాటపడకు. అత్తయ్యకు చెప్పే పని నాది.

బయానా ఒప్పందం సంతకం పెట్టకముందు నకలు నాకు పంపు. థాయ్‌లో ఉన్నదే పంపు, ఇంగ్లీషు నకలు వద్దు. ఆ లిపి చదవడం ఇంకా మర్చిపోలేదు. రాయోంగ్‌లో మామిడిపళ్లు బాగుంటాయి కానీ ఎండలో తిరిగి తలనొప్పి తెచ్చుకోకు, టోపీ పెట్టుకో.

మీ మామయ్య