చెరువులో పడ్డ భాస్వరం ఎటు పోతుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చేపల చావు ఉంది, గుర్రపు డెక్క ఉంది, బోరు నీళ్ళ రిపోర్టు ఉంది, పూడిక మన్ను ఉంది. చూడటానికి దేనికదే వేరుగా ఉన్నా అన్నిటి మూలం ఒక్కటే – నీళ్ళలో చేరే భాస్వరం, నత్రజని. కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా సంఘం ఊరి చెరువులో బొచ్చె, శీలావతి పెంచుతోంది. రెండు నెలలుగా నీళ్ళు చిక్కటి పచ్చగా మారాయి. పోయిన వారం రెండు రోజులు మబ్బు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. పెద్దవి ముందు పోయాయి, ఎనిమిదింటికల్లా కుప్పలు పడ్డాయి. గిట్టనివాళ్ళెవరో మందు కలిపారని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా? – సూర్యాపేట జిల్లా పాఠకుడు

జవాబు: ముందు చేపలు చచ్చిన వేళ చూడండి. తెల్లవారుజామున, అందులోనూ పెద్దవి ముందు పోయాయంటే చాలావరకు ఆక్సిజన్ అందకే. మందు కలిపితే దానికి వేళాపాళా ఉండదు. చేప పిల్లలు, రొయ్యలు, నీటి పురుగులు కూడా పోతాయి. పచ్చటి నీళ్ళు, మబ్బు, తెల్లవారుజాము – మీరు రాసిన మూడు గుర్తులూ ఆక్సిజన్ వైపే చూపుతున్నాయి. దయచేసి ఎవరి మీదా నింద వేయకండి.

నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్ళలో మామూలుగా నిలిచే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. 3 కంటే తగ్గితే చేపకు ఊపిరాడదు, 1 దాకా దిగితే బతకదు. మబ్బు పట్టిన రోజు రాబడి పడిపోతుంది, ఖర్చు మాత్రం తగ్గదు. అలా రెండు రోజులు గడిస్తే మూడో రోజు పొద్దు పొడిచే వేళకు నీళ్ళలో ఏమీ మిగలదు.

మరి అంత నాచు ఎక్కడిది? ఎక్కువ చెరువుల్లో నాచుకు పగ్గం వేసేది భాస్వరమే. ఒక గ్రాము భాస్వరం దొరికితే ఎండు లెక్కన వంద గ్రాములకు పైగా నాచు పుడుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు సుమారు 140 గ్రాముల ఆక్సిజన్ తినేస్తుంది. అంటే దాదాపు 19 వేల లీటర్ల నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా ఒక్క గ్రాముకే చెల్లు. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 10 కిలోలు ఉంటుంది. (బస్తా మీద 46 శాతం అని ఉండేది ఆక్సైడు లెక్క, అసలు భాస్వరం 20 శాతమే.) మనిషి మలమూత్రాల్లో రోజుకు గ్రాముకు తక్కువ కాకుండా భాస్వరం పోతుంది. వెయ్యి గడపలు కాదు, వెయ్యి మంది ఉన్న ఊరి మురుగు కాలువ నేరుగా చెరువులో కలిస్తే చాలు, పది రోజులకో డీఏపీ బస్తా అందులో గుమ్మరించినట్టే.

ఇక చేయాల్సింది. చేపలు నోళ్ళు తెరుస్తున్నాయని తెలియగానే మేత ఆపండి. పేడ, ఎరువు ఏదీ వేయకండి. ఇంజను పెట్టి చెరువు నీళ్ళనే తోడి, ఎత్తు నుంచి జల్లులా మళ్ళీ చెరువులోకే పడేలా చేయండి. నీళ్ళలో గాలి కలిపే చక్రాలు (ఏరేటర్లు) ఉంటే వాటిని రాత్రి పది నుంచి సూర్యోదయం దాకా నడపాలి. వాటి అవసరం పగటికంటే రాత్రే ఎక్కువ. చచ్చిన చేపల్ని అదే రోజు తీసి దూరంగా పూడ్చండి, కుళ్ళితే మిగిలిన ఆక్సిజన్ కూడా పోతుంది.

సున్నం చల్లమని చాలామంది చెబుతారు. ఈ స్థితిలో వద్దు. పచ్చటి నీళ్ళ పీహెచ్ (నీళ్ళ పులుపు, క్షారం కొలిచే అంకె) మధ్యాహ్నానికి 9 దాకా ఎక్కుతుంది. పీహెచ్ 7 దగ్గర, నీళ్ళలోని అమ్మోనియాలో చేపను చంపే రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. అదే 9 దగ్గర 45 పాళ్ళ దాకా ఉంటుంది. పొడి సున్నం పీహెచ్‌ని ఇంకా ఎగదోస్తుంది.

ఇకముందు రోజూ మధ్యాహ్నం ఒక పరీక్ష చేయండి. నీళ్ళు కదలని చోట చేయి నిటారుగా ముంచండి. మోచేయి మునిగేసరికి అరచేయి మసకగా కనబడితే ఫరవాలేదు. ముంజేయి సగం మునగకముందే అరచేయి కనబడకుండా పోతే నాచు మితిమీరినట్టు. ఆ రోజు నుంచే మేత సగం చేసి, రాత్రి కాపలా పెట్టుకోండి.

ప్రశ్న: మా చెరువంతా గుర్రపు డెక్క కమ్మేసింది. కలుపు మందు కొడితే వారంలో పోతుందంటున్నారు. కొట్టమంటారా? – గుంటూరు జిల్లా పాఠకుడు

జవాబు: కొట్టవద్దు. మందుకు డెక్క చస్తుంది, నిజమే. కానీ చచ్చింది అక్కడే మునిగి కుళ్ళుతుంది. ముందు ఆక్సిజన్ పోతుంది, తర్వాత అది దాచుకున్న ఎరువంతా నీళ్ళలోకి దిగుతుంది. మళ్ళీ మొలిచే డెక్కకు మనమే మేత పెట్టినట్టు అవుతుంది.

దట్టంగా అల్లుకున్న చోట ఎకరాకు 100 టన్నుల పచ్చి డెక్క ఉండటం మామూలే. అందులో నూటికి 94 పాళ్ళు నీళ్ళే అనుకున్నా ఎండు పదార్థం 6 టన్నులు మిగులుతుంది. దానిలో భాస్వరం సుమారు 24 కిలోలు, నత్రజని 120 కిలోలు. అంటే రెండు డీఏపీ బస్తాలకు మించిన భాస్వరం, ఆరు యూరియా బస్తాలకు సరిపడే నత్రజని మీ చెరువులో ఒక్క ఎకరంలోనే తేలుతున్నాయి. ఇంతకంటే తేలికగా చెరువులోంచి ఎరువును బయటికి లాగే దారి మరొకటి లేదు. కాబట్టి దాన్ని లాగాలి.

పూత రాకముందే మొదలుపెట్టండి. గింజ రాలితే బురదలో ఇరవై ఏళ్ళ దాకా మొలకెత్తే శక్తితో ఉంటుంది. గాలి ఏ ఒడ్డుకు నెడుతోందో చూసి, తాడు వేసి ఆ ఒడ్డుకే లాగండి. చాలా ఊళ్ళలో తప్పు ఇక్కడే జరుగుతుంది: లాగిన డెక్కను చెరువు వైపు గట్టు మీదే కుప్ప పోసి వెళ్ళిపోతారు. మొదటి వానకే ఆ రసం మళ్ళీ చెరువులో దిగుతుంది. కుప్ప కట్టకు అవతలి వైపు ఉండాలి. మూడు నాలుగు రోజులు వాడనిచ్చి, జానెడు ముక్కలు కొట్టి, అడుగు మందాన డెక్క, దానిపై పేడ నీళ్ళు, పలచగా మట్టి – ఇలా నాలుగైదు వరసలు వేయండి. లోపల చేయి పెట్టలేనంత వేడెక్కితే బాగా మాగుతున్నట్టు. ఇరవై రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. ఒక జాగ్రత్త: ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చెరువైతే ఆ డెక్కను పంటలకు వాడకండి. సీసం, క్రోమియం లాంటి లోహాలను అది వేళ్ళలో పోగేసుకుంటుంది.

లాగిన తర్వాత రెండు వారాలకోసారి మిగిలిన పిలకల్ని ఏరాలి. రెండు నెలలు ఓపిక పట్టి ఏరినవాళ్ళకే ఫలితం దక్కుతుంది.

ప్రశ్న: మా బోరు నీళ్ళలో నైట్రేట్ 98 అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో నాలుగు నెలల పాప ఉంది. కాచి చల్లార్చి పట్టవచ్చా? – నల్లగొండ జిల్లా పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేట్ (నీళ్ళలో కరిగి ఉండే నత్రజని రూపం) పోదు. నీళ్ళు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన దేశంలో తాగునీటి పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మీ రిపోర్టులో అంకె 'నైట్రేట్' అని ఉందో 'నైట్రేట్ నత్రజని' అని ఉందో చూడండి. రెండోది అయితే దాన్ని 4.4తో గుణించాలి, అప్పుడు మీ నీళ్ళు ఇంకా ప్రమాదకరం. ఆరు నెలల లోపు పిల్లల రక్తంలో నైట్రేట్ ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. పెదాలు, గోళ్ళు నీలంగా కనబడితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తల్లిపాలే పట్టండి. డబ్బా పాలు తప్పనిసరైతే ఆర్‌ఓ నీళ్ళతోనే కలపండి. క్యాండిల్ ఫిల్టర్, యూవీ, క్లోరిన్ – ఇవేవీ నైట్రేట్‌ను తీయవు.

బోరు చుట్టూ కూడా చూసుకోండి. పెంటకుప్ప గానీ, మరుగుదొడ్డి గుంత గానీ 15 మీటర్ల లోపు ఉందంటే కారణం అదే కావచ్చు. రాతి పగుళ్ళ నేలల్లో ఆ దూరం కూడా చాలదు.

ప్రశ్న: నీళ్ళు ఆవిరై, మేఘమై, వానై మళ్ళీ వస్తాయని పాఠంలో ఉంది. అలాగైతే మురికి నీళ్ళు వాటంతటవే శుభ్రం కావా? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఏలూరు

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. చెరువు నీళ్ళు గ్లాసెడు తీసుకుని ఒక స్టీలు పళ్ళెంలో పోసి ఎండలో పెట్టు. సాయంత్రానికో మర్నాటికో నీళ్ళుండవు, తెల్లటి పొర మిగులుతుంది. పైకి వెళ్ళింది నీళ్ళు ఒక్కటే. మే నెలలో చెరువు రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే ఎకరానికి 24 వేల లీటర్లు పోయినట్టు. అందులోని ఉప్పులు, భాస్వరం మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నీళ్ళు సగానికి తగ్గితే అవి రెట్టింపు చిక్కబడతాయి.

నత్రజనికి ఆకాశం దారి ఉంది. గాలి ఆడని బురదలో కొన్ని బాక్టీరియాలు నైట్రేట్‌ను తిరిగి నత్రజని వాయువుగా మార్చి పంపించేస్తాయి. భాస్వరానికి ఆ దారి లేదు. బురదలో ఇనుముతో అంటుకుని అడుగున కూర్చుంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోగానే ఇనుము పట్టు వదులుతుంది, భాస్వరం మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. అందుకే మురుగు ఆపేసిన చెరువులు కూడా ఏళ్ళ తరబడి పచ్చగానే ఉంటాయి.

మీ దగ్గరి కొల్లేరునే చూడు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో మురుగు కాలువలు తెచ్చిన నీళ్ళు అందులో నిలిచి, రెల్లు, తుంగల మధ్య నెమ్మదిగా సాగి ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలవాలి. ఆ నెమ్మదిలోనే మట్టి దిగుతుంది, నత్రజని గాలిలో కలుస్తుంది. సరస్సు నిండా గట్లు పోసి చేపల చెరువులు చేస్తే నీళ్ళు నిలిచే చోటు తగ్గుతుంది, పైగా మేత ఎరువు కొత్తగా చేరుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కినా, ఈ పని చేయడానికి కొల్లేరుకు చోటు కావాలి.

ప్రశ్న: పూడిక మన్ను ఎకరాకు ఎంత తోలాలి? యూరియా చెరువులోకి కొట్టుకుపోకుండా ఏం చేయాలి? – జనగామ జిల్లా రైతు

జవాబు: బురదలో చిక్కుకున్న భాస్వరానికి చెరువులోంచి బయటపడే దారి మీ ట్రాక్టరే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ (తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం) పనుల్లోనూ పూడిక మన్ను రైతుల పొలాలకు వెళ్ళడం అందుకే మేలు చేసింది. చలక, దుబ్బ నేలలకు అది వరం. నల్లరేగడికి వద్దు, ఇంకా జిగట పెరుగుతుంది. అంగుళం మందం పరచాలంటే ఎకరాకు సుమారు 100 ఘనపు మీటర్లు, ట్రిప్పుకు మూడు ఘనపు మీటర్ల లెక్కన 34 ట్రిప్పులు. తోలేముందు మన్నును పరీక్ష చేయించి చౌడు లేదని తేల్చుకోండి. వేసవిలో పరిచి ఎండనిచ్చి, గడ్డలు పగిలాక దున్నండి.

యూరియా సంగతి: వరి మడిలో నిండా నీళ్ళుండగా చల్లితే సగానికి పైగా పైరుకు దక్కదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత మడి పొర్లి చెరువులోకి పోతుంది. నీళ్ళు తీసి, బురదపదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి మళ్ళీ నీళ్ళు పెట్టండి. వాన సూచన ఉంటే ఆ రోజు చల్లకండి. డీఏపీ ఆఖరి దమ్ములోనే వేయాలి, పైపాటుగా వేస్తే నీళ్ళ వెంట కొట్టుకుపోతుంది.

మన్ను తవ్వేటప్పుడు కట్ట అడుగు భాగానికి దూరంగా ఉండండి. నల్లటి పూడిక అయిపోయి కింద మొరం కనబడగానే ఆపేయండి. ఆ పొర చీలితే నీళ్ళు నిలవవు.