నోట్‌బుక్ నిండా 6, 6, 6 అంటే ఏమిటో అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేసింది. ప్రాజెక్టు కోసం చెరువు నీళ్లు, పశువుల పేడ, కోళ్ల రెట్ట తెచ్చి ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచింది. యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా మీదే పీజీ చేస్తానంటోంది. తన నోట్‌బుక్ తెరిచి చూస్తే పేజీ నిండా 6, 6, 6 అని అంకెలు. దీనికి ఉద్యోగం ఎవరిస్తారు? ఏఐతో కొత్త మందులు కనిపెట్టే కోర్సులకు మంచి డిమాండ్ ఉందంటున్నారు. రెండింటిలో ఏది మేలు? ఆ క్రిములతో తనకేమన్నా అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 6 సంగతి చెబుతాను. శాంపిల్‌లో దొరికిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో ప్లేటులోని అగార్ అనే జెల్లీ మీద సమంగా పూసి, మందు పట్టించిన చిన్న కాగితం బిళ్లలు దానిమీద పెడతారు. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచితే తెల్లారేసరికి ప్లేటంతా మీగడలాంటి పొర కమ్ముకుంటుంది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఆ పొర లేని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. దాని అడ్డుకొలతను మిల్లీమీటర్లలో రాస్తారు. మందు అసలు పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా పెరిగిపోతుంది. కొలవడానికి ఖాళీయే ఉండదు కాబట్టి బిళ్ల వెడల్పే రాయాలి. అది 6 మిల్లీమీటర్లు. అంటే మీరు చూసిన ప్రతి 6 దగ్గరా ఒక మందు ఓడిపోయింది. ఈ మాట మీకు నేను చెప్పాల్సి రావడం బాధగా ఉంది. నోట్‌బుక్ తెరిచిన రోజే పక్కనున్న అమ్మాయిని అడిగి ఉంటే పది నిమిషాల్లో చెప్పేది.

ఇలాంటి ప్రశ్న నాకు ఏటా వస్తుంది. పైకి ఉద్యోగం గురించి అడుగుతారు. లోపల ఉండే దిగులు వేరు. ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అని నలుగురూ అడిగితే పేడ, మురుగునీళ్లు అని ఎలా చెప్పడం? మీది కూడా అదేనని నాకు అనిపిస్తోంది. తప్పయితే మన్నించండి. నిజమే అయితే మాత్రం ఆ దిగులు మీ దగ్గరే ఉంచుకోండి, అమ్మాయి నెత్తిన పెట్టకండి.

తను పట్టుకున్న పని చిన్నదేమీ కాదు. చైనాలో పశువుల పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాను మామూలుగా పరీక్షిస్తూ ఉన్నవాళ్లకు, కొలిస్టిన్‌కి లొంగనివి పెరుగుతున్నట్టు కనిపించింది. మిగతావేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు వాడే ఆఖరి మందుల్లో అదొకటి. ఎందుకని తవ్వితే ఒక పంది నుంచి తీసిన బ్యాక్టీరియాలో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది. 2015లో ఆ సంగతి ప్రకటించారు. ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంది. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగల చిన్న డీఎన్‌ఏ వలయం. పశువు పేగులో పుట్టిన మొండితనం నీళ్లలో కలిసి, మనిషికి జబ్బు చేసే మరో జాతికి చేరిపోవచ్చు. పశువుల పెరుగుదల కోసం దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని చైనా 2017లో ఆపేసింది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 12.7 లక్షలని అంచనా.

ఇక ఏఐ కోర్సు. నాకు దీనిమీద గట్టి అనుమానాలే ఉన్నాయి. 2020లో హాలిసిన్ అనే పదార్థం మీద పెద్ద చర్చ జరిగింది, కంప్యూటర్ కనిపెట్టిన యాంటీబయాటిక్ అని. ఆ కంప్యూటర్‌కి ముందు నేర్పింది ఏమిటి? 2,300కి పైగా పదార్థాలు ఈ.కోలైని ఆపాయా లేదా అని ల్యాబ్‌లో పెంచి చూసిన ఫలితాలు. అది ఎంచి ఇచ్చినదాన్ని మళ్లీ ల్యాబ్‌లోనే పరీక్షించారు. కంప్యూటర్‌తో తేలనివి ఇంకా ఉన్నాయి. నీటిలో ఒక జన్యువు ఉందని సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏని చదివే పరీక్ష, చెబుతుంది. అది బతికున్న బ్యాక్టీరియాదా, చచ్చినదాని డీఎన్‌ఏనా అన్నది దాన్నిబట్టి మాత్రమే తేలదు. బిళ్లల పరీక్షనే తీసుకోండి. ప్లేటులో అగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పలచగా పోస్తే ఖాళీ పెద్దదై, పనిచేయని మందు కూడా పనిచేసినట్టు కనిపిస్తుంది. ప్లేటు పోసిన చేతికి ఆ తేడా తెలుస్తుంది. ఎన్నడూ పోయనివాళ్లు వచ్చిన అంకెను నమ్మేస్తారు. ఆర్నెల్ల కోర్సుల్లో రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ నడపడం నేర్పుతారు, ఈ అనుమానపడటం నేర్పరు.

కొత్త మందుల వ్యాపారం కూడా మీరనుకున్నంత గట్టిది కాదు. అమెరికాలో అకావొజెన్ అనే కంపెనీ తయారుచేసిన ప్లాజోమైసిన్‌కి 2018లో అనుమతి వచ్చింది. ఏడాది తిరక్కముందే, 2019 ఏప్రిల్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. కొత్త యాంటీబయాటిక్‌ని డాక్టర్లు పొదుపుగా దాచి వాడతారు, అమ్మకాలు తక్కువుంటాయి. ఈ మాట కోర్సు బ్రోచర్లలో ఉండదు.

మైక్రోబయాలజీలో కష్టాలు లేవని చెప్పను. ల్యాబ్‌లో మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే. రిసెర్చ్ ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోవచ్చు. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పదు. కానీ తాగునీటి పరీక్షలు, ఆహారం, పాలు, పశువైద్య ల్యాబ్‌లు, ఆసుపత్రుల కల్చర్ విభాగం, మందుల ఫ్యాక్టరీల్లో క్వాలిటీ, వీటన్నిటికీ ప్లేటు చదవడం వచ్చిన మనిషి కావాలి. అమ్మాయి ఖాళీగా కూర్చోదు. పీజీ చేస్తూనే ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకుంటే ఏఐ దారి కూడా తెరిచే ఉంటుంది. ఇప్పుడు ల్యాబ్ వదిలేసి నాలుగేళ్ల తర్వాత తిరిగి రావడమే చాలా కష్టం.

క్రిముల భయం సహజం. ఈ.కోలైలో చాలా రకాలు మీ పేగుల్లో, నా పేగుల్లో ఇప్పుడు కూడా ఉన్నాయి. గ్లోవ్స్, కోటు వేసుకుని పనిచేస్తారు, ల్యాబ్‌లో తినరు, తాగరు. పని అయ్యాక ప్లేట్లను 121 డిగ్రీల ఆవిరిలో చంపాకే పారేస్తారు. ఈ పద్ధతులు పాటించని ల్యాబ్ అయితే మీ భయం సరైనదే, అక్కడ చేర్చొద్దు.

అందుకని అడ్మిషన్‌కి ముందు కాలేజీ ల్యాబ్ చూడటానికి అమ్మాయితో మీరూ వెళ్లండి. ఆ ఆవిరి పట్టే యంత్రం, ఆటోక్లేవ్, పనిచేస్తోందా, ప్రతి విద్యార్థీ సొంతంగా ప్లేట్లు పోస్తారా, పరీక్ష పెట్టిన ప్రతిసారీ ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ బ్యాక్టీరియాను పక్కన పెడతారా అని అడగండి. మూడో ప్రశ్నకి అక్కడివాళ్లు తడబడితే ఇంకో కాలేజీ చూసుకోండి. ఏం అడగాలో మీకు గుర్తుండకపోతే అమ్మాయినే అడగనివ్వండి, మీరు పక్కన నిలబడండి.