ఇంగ్లండులో కుటుంబాలు క్రిస్మస్ ఎలా జరుపుకుంటాయి?

చర్చి, పాటలు, కేకు అని చాలామంది రాసేస్తారు. ఉత్తర ఇంగ్లండు యార్క్‌షైర్‌లోని లీడ్స్‌లో కొన్నేళ్ళున్న ధైర్యంతో చెప్తున్నా: ఇంగ్లీషువాళ్ళ క్రిస్మస్ అంటే 25న మధ్యాహ్న భోజనం. మిగతాదంతా దానికి ముందూ వెనకా. మన గుంటూరులోనో నెల్లూరులోనో పండగనాడు చర్చి కిటకిటలాడుతుంది. అక్కడ మా వీధిలో చర్చికి వెళ్ళేది మా పక్కింటి పెద్దావిడ ఒక్కతే.

ఆవిడ రిటైరైన టీచరు. పండగపూట నేనొక్కణ్ణే ఉంటానని తెలిసి భోజనానికి పిలిచింది. వెళ్ళేసరికి ఫ్రిజ్‌ తలుపు మీద ఓ కాగితం: టర్కీ కోడిని ఎన్నింటికి ఓవెన్లో పెట్టాలి, బంగాళాదుంపలు ఎప్పుడు, పార్స్‌నిప్‌లు (తెల్ల క్యారెట్ల లాంటి దుంపలు) ఎప్పుడు, అంతా నిమిషాలతో సహా. మరి ఉన్నది ఒక్క ఓవెనూ, అందులోకి వెళ్ళాల్సినవి బోలెడూ. ఆ కాగితానికి కొడుకూ కోడలూ ఎదురు చెప్పలేదు. పేచీ వచ్చింది యార్క్‌షైర్ పుడ్డింగు దగ్గర. పేరుకే పుడ్డింగు, తీపి కాదు; పిండీ గుడ్లూ పాలూ కలిపి ఓవెన్లో పొంగించేది. అది బీఫ్‌కే తప్ప టర్కీ పక్కన పెట్టకూడదని లండన్ కోడలు. "ఈ ఇంట్లో అన్నింటి పక్కనా ఉంటుంది" అని అత్తగారు. అత్తాకోడళ్ళకి దేశం ఏదైతేనేం!

బల్ల మీద ప్రతి పళ్ళెం పక్కనా ఓ క్రాకర్. రంగుకాగితం చుట్టిన అట్టగొట్టం. చెరో కొసా పట్టుకుని లాగితే టప్‌మంటుంది. లోపల పల్చటి కాగితపు కిరీటం, పనికిరాని చిన్న బొమ్మ, పరమ చెత్త జోకు రాసిన చీటీ. టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి 1840లలో మొదలుపెట్టిన సరదా ఇది. కిరీటం లేకుండా ముద్ద దిగదు. నాది చిరిగితే ఆవిడ టేపు తెచ్చి అతికించి మరీ పెట్టింది. ఎప్పుడూ సూటు నలగని ఆ కొడుకు పచ్చ కిరీటంతో గంభీరంగా టర్కీ కోస్తుంటే నాకు నవ్వాగలేదు.

పళ్ళెంలో బ్రసెల్స్ స్ప్రౌట్స్ తప్పనిసరి. ఎవరూ ఇష్టంగా తినరు, ఎవరూ మానరు. చిట్టి క్యాబేజీలవి, ఇంత ఆవాలూ ఎండుమిర్చీ పోపు పడితే ఎంత బాగుండేవి! ఉప్పునీళ్ళలో ఉడికించి పాడుచేస్తారు.

మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం. 1932లో ఐదో జార్జ్ రేడియోలో మొదలుపెట్టిన ఆనవాయితీ. ఆవిడ గిన్నెల చప్పుడు ఆపించింది. కొడుకు గుర్రు మాత్రం ఆగలేదు. తర్వాత వారాల ముందే ఎండుపళ్ళతో చేసి దాచిన నల్లటి క్రిస్మస్ పుడ్డింగు మీద బ్రాందీ పోసి, లైట్లార్పి, అంటించారు. నీలిమంట చూడ్డానికి భలే ఉంటుంది, తినడానికి అంత లేదు. పిల్లలూ దాన్ని వదిలేసి చాక్లెట్ల డబ్బా మీద పడ్డారు. వాళ్ళ పండగ పొద్దున్నే, మేజోళ్ళలో బహుమతులు దొరికినప్పుడే అయిపోయింది.

ఇంకో సంగతి. సంక్రాంతికి మనం ప్రత్యేక బస్సులు వేస్తామా, వీళ్ళు పండగనాడు రైళ్ళే ఆపేస్తారు. పెద్ద దుకాణాలు తెరవకూడదని చట్టం కూడా ఉంది. ఎక్కడికైనా వెళ్ళాలంటే 24నే చేరుకోండి.

మర్నాడు బాక్సింగ్ డే అనే సెలవు. మిగిలిన టర్కీతో కూర వండుతారు, అందులో కిస్‌మిస్‌లు వేసేవాళ్ళూ ఉన్నారు. ఆవిడ వెయ్యబోతుంటే గరిటె నేను తీసుకున్నాను. గుంటూరు కారం మా ఇంట్లోంచి వచ్చింది. కోడలు రెండోసారి వడ్డించుకుంది, అత్తగారు మంచినీళ్ళ జగ్గు దగ్గరికి లాక్కుంది.