సాయంత్రానికి ఇంటికొచ్చేస్తే క్లెయిమ్ రాదా?

ప్రశ్న: 2018 నుంచి మాకు ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఉంది, ఒక్క ఏడాదీ ఆపలేదు. 2021లో మా అబ్బాయికి బ్లడ్ క్యాన్సర్ వస్తే వైద్యం చేయించాం, తగ్గింది. ఈమధ్య తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. వెన్నులో నీరు తీసి పరీక్షిస్తే, జబ్బు మెదడు వైపు తిరగబెట్టిందన్నారు. వెన్నులోకి కీమో మందు ఎక్కిస్తున్నారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాం. ‘24 గంటలు అడ్మిట్ కాలేదు, పైగా పాత జబ్బు’ అంటూ కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టింది. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: ‘పాత జబ్బు’ మాట నిలవదమ్మా. పాలసీ తీసుకునే నాటికే ఉన్నదాన్ని ప్రీ ఎగ్జిస్టింగ్ అంటారు. మీవాడికి వచ్చింది మూడేళ్ల తర్వాత. తిరగబెట్టినంత మాత్రాన అది పాలసీకి ముందుదైపోదు. పైగా 60 నెలలు ఆపకుండా ప్రీమియం కట్టినవాళ్ల క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, ఏదో దాచారన్న కారణంతో కాదనకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో నియమం పెట్టింది.

అసలు చిక్కు 24 గంటల దగ్గరే. మీ పాలసీ పుస్తకంలో ‘డే కేర్’ అన్న చోట చూడండి. మత్తు ఇచ్చి చేసేవి, ఒకప్పుడు రోజులకొద్దీ ఉంచాల్సివచ్చి ఇప్పుడు పూటలో అయిపోయేవి దాని కిందకు వస్తాయి. చాలా పాలసీల్లో కీమోథెరపీ అని పేరు పెట్టే రాసి ఉంటుంది. పాలసీ కాదనేది ఓపీ వైద్యాన్నే, అంటే అడ్మిట్ కాకుండా చూపించుకుని వెళ్లిపోయేదాన్నే. నా అనుభవంలో ఇలాంటి కేసులు చెడేది ఆసుపత్రి కౌంటర్ దగ్గర: అక్కడి అబ్బాయి తొందరలో ఓపీ నంబరు మీదే బిల్లు కొట్టేస్తాడు. ఇకనుంచి ప్రతిసారీ డే కేర్ అడ్మిషన్ రాయించి, డిశ్చార్జ్ సమ్మరీ అడగండి. జరిగిపోయినవాటికి, మత్తు ఇచ్చినట్టు రాసిన కాగితం, మీరు సంతకం పెట్టిన అంగీకార పత్రం నకలు తీసుకోండి. ఇది ఆసుపత్రిలోనే చేయాల్సిన ప్రొసీజర్ అని డాక్టరు గారితో రెండు వాక్యాలు రాయించండి.

వీటితో ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా తగాదాలు తేల్చే అధికారి) ఫిర్యాదు చేయొచ్చు. ఏడాది గడువుంది, 50 లక్షల దాకా వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు (లాయరునైన నేనే చెబుతున్నా!). అక్కడ ఇచ్చే తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, మీరు మాత్రం నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కానీ ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ వినరు. కమిషన్‌కు గడువు రెండేళ్లు.

క్లెయిమ్ కాదన్న ఉత్తరం పోస్టులో వచ్చి ఉంటే ఆ కవరు పారేయకండి, తేదీ ముద్ర దాని మీదే ఉంటుంది.