ఘాటుండాలి, మత్తుండకూడదు

(ఈ వారం వంటింటి ఉత్తరాలకు జవాబులు కడప నుంచి)

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. మా ఆయన మందు మానేసి ఏడు నెలలైంది. పగలంతా పనిలో పడి బాగానే ఉంటాడు. పొద్దు గూకితేనే తిప్పలు. "ఏదన్నా తాగేదానికి ఇయ్యి" అంటాడు. నిమ్మకాయ షర్బత్తు ఇస్తే రెండు గుక్కల్లో దించేసి ఖాళీ గ్లాసు తిప్పుకుంటా కూచుంటాడు. అంగట్లో కూల్‌డ్రింకులు తెస్తే తీపని పక్కన పెడతాడు. ఏం చేసియ్యాల?

జవాబు: తల్లీ, రెండు గుక్కల్లో అన్నావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. తీపి, పులుపు గొంతులో నిలవవు, జారిపోతాయి. ఘాటుంటే మనిషి గుక్కకూ గుక్కకూ మధ్య ఆగుతాడు. నీకు కావాల్సింది ఆ ఆగడమే.

అర లీటరు నీళ్ళకు రెండంగుళాల అల్లం, పది మిరియాలు, రెండంటే రెండు లవంగాలు, వేలంత దాల్చినచెక్క తీసుకో. లవంగం ఎక్కువైతే నాలుక మొద్దుబారిపోతుంది, ఇంక వేరే రుచి తెలీదు. అల్లం, మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచు. మిరియం గుండుగా వేస్తే గుండుగానే మిగులుతుంది, ఘాటు దిగదు. మూత పెట్టి సన్నమంట మీద పది నిమిషాలు మరగనిచ్చి, దించినాక ఇంకో పావుగంట మూత తియ్యొద్దు. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే ఆ మేరకు గ్లాసులో వాసన తగ్గినట్టే. వడగట్టి, రెండు చెంచాల బెల్లం, చిటికెడు ఉప్పు వేసి కరిగించు. చల్లారినాకనే నిమ్మరసం పిండు.

గ్లాసులో మూడోవంతు ఈ కషాయం, మిగతాది చల్లటి సోడా. మా నాయనకు గోలీసోడా అంగడి ఉండేది. కొత్తగా చేరిన పిల్లోడు సోడా పోసినాక ఉప్పు వేసినాడంటే నురగ బుస్సుమని పొంగి సగం బల్ల మీదే పారేది. "ఉప్పు ముందురా, సోడా వెనకరా" అని నాయన రోజుకు పదిసార్లు అరిచేవాడు. ఉప్పు కషాయంలోనే కరిగించమన్నది అందుకే. సోడా గ్లాసు అంచు వెంబడి మెల్లగా పోసి, కలపకుండా ఇచ్చేయి. నంజుకోను ఉప్పేసి ఉడకబెట్టిన శనక్కాయలు పెట్టు. పాత గ్లాసు మాత్రం వద్దు. అందులో ఏం పోసినా పాతదే గుర్తొస్తుంది. స్టీలు లోటాలో ఇయ్యి.

ఒక్క జాగ్రత్త. ఏ పూట పానీయం ఆ పూటే చెయ్యి. పోయినేడు నవమికి కలిపిన పానకం ఒక సీసాలో పోసి, బిగించి, వంటింటి గట్టు మీద మర్చిపోయినా. పున్నమికి ఒంటిమిట్ట కల్యాణం చూసి ఇంటికొచ్చి మూత తిప్పితే టప్పుమని ఎగిరి అటక తగిలింది. గదంతా కల్లు వాసన! బెల్లం నీళ్ళు ఎండకు పులిస్తే మత్తు పుడుతుంది, మిరియాలు, శొంఠి వేసినామని ఆగదు. వాళ్ళూ వీళ్ళూ చెప్పినారని పులియబెట్టిన అల్లం సోడాలు, కొంబుచా అనే పులిసిన టీలు మీ ఇంట్లో పెట్టొద్దు. అరుగుదలకని ద్రాక్షారిష్టం లాంటి ఆయుర్వేదం మందులు తెచ్చేవాళ్ళూ ఉంటారు. ఆసవాలు, అరిష్టాలు పులిసి తయారైనవే, వాటిలో మద్యం ఉంటుంది. ఆయన మందు మానడానికి మాత్రలేమన్నా వాడుతుంటే, కొత్తగా ఏది ఇచ్చేముందయినా ఆ డాక్టరునే అడుగు.

ప్రశ్న: మాకు పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. మిక్సీలో వేసి రసం తీసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి చేదు. కాయలు మంచివే. ఏంటికిట్ల?

జవాబు: కాయల తప్పు కాదు నాయనా, చీనీ గుణమే అంత. తొనలో ఉన్నప్పుడు చేదు లేని పదార్థం, పిండినాక రసంలోని పులుపు తగిలి మెల్లగా చేదుగా మారుతుంది. ఆ చేదు పేరు లిమోనిన్. గింజల్లో, తొన మీది తెల్లపొరలో ఎక్కువ. మిక్సీ ఆ రెండింటినీ నలిపి కలిపేస్తుంది. అడ్డంగా కోసి చేత్తో పిండి, గింజ నలక్కుండా వడగట్టి వెంటనే తాగండి. ఫ్రిజ్‌లో పెట్టాలనుకుంటే రసం కాదు, కాయే పెట్టండి. గ్లాసు రసానికి వేయించి దంచిన జీలకర్ర పావు చెంచా, నల్లుప్పు చిటికెడు చాలు. జీలకర్ర ఒక్క రంగు మారేదాకే వేయించాల, మాడితే దాని చేదు వేరే తోడవుతుంది.

ప్రశ్న: బద్వేలు నుంచి రాస్తున్నా. ఇంట్లో నన్నారి షర్బత్తు కాచితే పది రోజులకే పైన బూజు కట్టింది. వాసన కూడా అంతంతమాత్రం. నీళ్ళెంతో చక్కెర అంతే వేసినా.

జవాబు: చక్కెర సగమే వేసినావన్నమాట. నిలవుండే పాకానికి కిలో నీళ్ళకు రెండు కిలోల చక్కెర పడాల. అంత చిక్కగా ఉంటే బూజు బతకదు. అంత చక్కెరా అని భయపడొద్దు, గ్లాసుకు పడే పాకం రెండు చెంచాలే కదా. తడి గరిటె మాత్రం పెట్టొద్దు.

ఇంక వాసన సంగతి. నన్నారి, అదే సుగంధిపాల వేరు, వాసనంతా పైతోలులో ఉంటుంది. రాతి మీద పెట్టి నలగ్గొడితే తోలు విడిపోయి లోపల తెల్లటి పుల్ల బయటపడుతుంది. ఆ పుల్ల పారేయి. తోలు వంద గ్రాములుంటే లీటరు వేడినీళ్ళలో వేసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయి. తెల్లారి వడగట్టి, ఆ నీళ్ళు తూకం వేసుకుని రెట్టింపు చక్కెర పోసి, అది కరిగేంత వేడి మాత్రమే చూపించు. గంటలు గంటలు కాచినావనుకో, వాసన ఆవిరితో పాటే పోతుంది. రంగు ముదురు గోధుమే వస్తుంది. బండ్ల మీద కనపడే ఎర్రెర్రటి రంగు వేరుది కాదు.

ప్రశ్న: నాకు షుగరు ఉంది. చక్కెర బదులు బెల్లం పానకం తాగొచ్చునా?

జవాబు: బెల్లమూ చక్కెరే పెద్దాయనా. పల్చటి మజ్జిగలో శొంఠి, కరివేపాకు దంచి వేసుకుని తాగండి. బీపీ కూడా ఉంటే ఉప్పు మానుకోండి. శొంఠి పచ్చి అల్లం కంటే ఘాటు, చిటికెడుకు మించొద్దు.