ఆర్థిక సలహాలు: 30 లక్షల తెరచాప పడవకు అసలు ధర ఎంత?

ప్రశ్న: నా వయసు 61. మర్చంట్ నేవీలో ఇంజినీరుగా పనిచేసి, విరమణ తర్వాత తిరుపతిలో స్థిరపడ్డాను. పెన్షన్ లేదు. డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 2 కోట్ల 20 లక్షలు ఉన్నాయి. ఇంటి పై వాటా మీద ఏడాదికి 1.8 లక్షల అద్దె వస్తుంది. మా ఇద్దరి ఖర్చు 8.4 లక్షలు. చిత్తూరు దగ్గర మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. పిల్లల బాధ్యతలు తీరాయి. పాత తరహా కీల్‌బోటు (అడుగున బరువైన కీల్ ఉండే తెరచాప పడవ) ఒకటి కొని చెన్నైలో ఉంచి, ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చేలా ఒక్కడినే నడుపుకోవాలన్నది నా చిరకాల కోరిక. విదేశం నుంచి ఫోక్‌బోటు రకం చెక్క పడవ తెప్పిస్తే 30 లక్షలు, ఆపైన ఏటా 3.6 లక్షలు అవుతుందని తేలింది. ఇక్కడే దొరికే 24 అడుగుల పాత ఫైబర్ గ్లాస్ పడవ 12 లక్షలు, ఏటా ఖర్చు 1.5 లక్షలు. మిత్రుడొకరు డ్రాగన్ అనే పందెం పడవ తీసుకోమంటున్నారు. ఏది కొనాలి? తోట ఆదాయంతో నిర్వహణ సాగించవచ్చా? పులికాట్‌లో ఉంచితే ఖర్చు తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి నాకు వచ్చే ఉత్తరాలు ఎక్కువగా ఇంటి స్థలం, బంగారం, పిల్లల చదువుల గురించే ఉంటాయి కాబట్టి మీ ప్రశ్నను ఆసక్తిగా చదివాను. ఇది అవసరమా, దుబారానా అన్న చర్చ నాకు అనవసరం. జీవితమంతా ఓడల మీద పనిచేసి కూడబెట్టిన డబ్బును ఇష్టమైన పనికి వాడుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది. నేను చూడవలసిందల్లా, ఆ పని చేసిన తర్వాత మీ దంపతుల మిగిలిన జీవితానికి డబ్బు సరిపోతుందా లేదా అన్నది మాత్రమే.

ముందు మీ నిధి నుంచి 20 లక్షలు వైద్యానికి, అత్యవసరాలకు విడిగా పెట్టండి. మిగిలేది 2 కోట్లు. ఇంటి ఖర్చు 8.4 లక్షల్లో అద్దె పోను 6.6 లక్షలు ఏటా ఈ 2 కోట్ల నుంచి తీసుకోవాలి, అంటే 3.3 శాతం. పెన్షన్ లేని వ్యక్తి, ధరలు పెరిగినకొద్దీ తీసుకునే మొత్తాన్ని పెంచుకుంటూ, ముప్పై ఏళ్లపాటు నిధి తరగకుండా చూసుకోవాలంటే మొదటి ఏడాది తీసేది 4 శాతం దాటకూడదన్నది నేను పాటించే హద్దు. కాబట్టి ఈ రోజున మీరు క్షేమంగానే ఉన్నారు, కొంత వెసులుబాటు కూడా ఉంది.

ఇప్పుడు ఫోక్‌బోటును ఈ లెక్కలో చేర్చి చూడండి. 30 లక్షలు పోగా నిధి 1.7 కోట్లకు తగ్గుతుంది. ఏటా తీయవలసినది మాత్రం 6.6 లక్షల నుంచి 10.2 లక్షలకు పెరుగుతుంది. 3.3 శాతం ఒక్కసారిగా 6 శాతం అవుతుంది. పడవ అనగానే దృష్టంతా ఆ 30 లక్షల మీదే పడుతుంది గానీ, మీ నిధిని ఎక్కువగా కుంగదీసేది ఆ 3.6 లక్షలే. ఏటా అంత సొమ్ము 4 శాతం హద్దులో రావాలంటే దాని వెనుక 90 లక్షల నిధి ఉండాలి. కొనుగోలు ధర కలిపితే ఆ పడవ మీకు 1 కోటి 20 లక్షల వస్తువు. ఇదే పద్ధతిలో చూస్తే 12 లక్షల ఫైబర్ గ్లాస్ పడవ అసలు ధర 49.5 లక్షలు. మన జిల్లాలో బోరు వేయించేవారు అడుగుకు ఎంత అని మాత్రమే అడిగి, మోటారు, కేబులు, మరమ్మతుల సంగతి తర్వాత చూసుకుందామని అనుకున్నట్టే, పడవ కొనేవారు కూడా అమ్మకందారు చెప్పే ధర దగ్గరే ఆగిపోతారు.

పడవ ఎంపిక కూడా ఈ లెక్కలో భాగమే. మీరు ఒక్కరే నడుపుతానంటున్నారు కాబట్టి, ఎంతమంది మనుషులు కావాలన్నది ఇక్కడ నేరుగా డబ్బుకు సంబంధించిన ప్రశ్న. మీ మిత్రుడు చెప్పిన డ్రాగన్ అందమైన పడవ అనడంలో సందేహం లేదు. నార్వేకు చెందిన యోహాన్ ఆంకర్ 1929లో దానికి రూపమిచ్చారు. 1948 నుంచి 1972 వరకు అది ఒలింపిక్ పోటీల్లో ఉంది. సుమారు 8.9 మీటర్ల పొడవు, 1,700 కిలోల బరువు గల ఆ పడవను పందెంలో ముగ్గురు నడుపుతారు. తెరచాపను నిలిపే కొయ్యను వెనక్కి లాగి పట్టే తాళ్లను పడవ మలుపు తిరిగిన ప్రతిసారీ మార్చి బిగించాలి. ఒక్క మనిషి చేత అది అసాధ్యం కాదు, కానీ గాలి పెరిగితే చేతులు చాలవు. సాయానికి ఎవరో ఒకరు వస్తే తప్ప బయటికి తీయలేని పడవ ఎక్కువ రోజులు కట్టేసే ఉంటుంది. కట్టేసి ఉన్న రోజుకు కూడా అద్దె, బీమా, రంగు ఖర్చు సమానమే.

ఫోక్‌బోటు విషయంలో మీ అభిరుచిని మెచ్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, సామాన్యులకు అందుబాటులో ఉండే పడవ కావాలని స్కాండినేవియా దేశాల సెయిలింగ్ సంఘాలు నమూనాల పోటీ పెట్టాయి. ఏ ఒక్క నమూనా పూర్తిగా నచ్చకపోవడంతో పలు నమూనాల్లోని మంచి గుణాలను కలిపి స్వీడన్‌కు చెందిన టోర్డ్ సుండేన్ గీతలు గీయగా, 1942లో మొదటి పడవ నీటిలో దిగింది. పొడవు 7.68 మీటర్లు. సుమారు 1,930 కిలోల మొత్తం బరువులో సగానికి పైగా అడుగున ఉన్న ఇనుప కీల్‌దే కాబట్టి గాలికి తొందరగా ఒరగదు, చుక్కాని వదిలి తాడు అందుకున్నా కాసేపు దారి తప్పదు. 1960లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటే మొదటి పందెంలో బ్లాండీ హాస్లర్ రెండో స్థానంలో నిలిచింది ఫోక్‌బోటు తరహా పడవతోనే. దాని తెరచాపను ఆయన చైనా పద్ధతిలోకి మార్చుకున్నారు. ఒంటరి ప్రయాణానికి ఇంతకంటే నమ్మకమైన వంశం దొరకదు.

చిక్కల్లా చెక్కతోనే. బాల్టిక్ చలినీటి కోసం పుట్టిన, పలక మీద పలక పొదిగి బిగించిన పడవను చెన్నై ఎండలో ఒడ్డున నిలిపితే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. నీటిలోనే వదిలేస్తే వెచ్చని ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు పడుతుంది. కాకినాడ దగ్గర తాళ్లరేవులో తరతరాలుగా చెక్క పడవలు కట్టే వడ్రంగులు ఉన్నారు గానీ, రివెట్లతో బిగించే ఈ సన్న పలకల పని వేరు. మీరు వేసుకున్న 3.6 లక్షలు సజావుగా సాగిన ఏడాది లెక్క అని నా అనుమానం. దిగుమతి సుంకం సంగతి కూడా తేల్చుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విహారానికి, క్రీడలకు వాడే పడవలపై జీఎస్టీ 40 శాతం అయింది. మీకు 30 లక్షలని చెప్పినవారు సుంకాన్ని, ఈ రేటును కలిపే చెప్పారా అన్నది కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా తెప్పించుకోకుండా బయానా ఇవ్వకండి. ఫోక్‌బోట్లను 1970ల నుంచి ఫైబర్ గ్లాస్‌తో కూడా చేస్తున్నారు. అలాంటిది ఎప్పుడైనా మన దేశంలోనే అమ్మకానికి వస్తే నా సమాధానం మారుతుంది.

ఇక మిగిలింది 12 లక్షల పడవ. 24 అడుగులు అంటున్నారు కాబట్టి అది 1970ల్లో అమెరికాలో వచ్చిన జే/24 తరహాది కావచ్చు. పందెంలో దాన్ని ఐదుగురు నడుపుతారు, ముందు తెరచాప చాలా పెద్దది. ఒక్కరికి పనికి రావాలంటే ఆ పెద్ద తెరచాపను పక్కన పెట్టి, చిన్నదాన్ని చుట్టుకునే పరికరంతో అమర్చుకోవాలి; తెరచాపలు ఎత్తే తాళ్లన్నీ కూర్చున్న చోటికి వచ్చేలా కప్పీలు బిగించాలి; చుక్కాని పిడిని కాసేపు పట్టుకునే చిన్న విద్యుత్ పరికరం ఒకటి కావాలి. వీటికి, ప్రాణరక్షణ జాకెట్టుకు, పడవకు మిమ్మల్ని కట్టి ఉంచే పట్టీకి, సముద్రం నుంచి మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియోకు 2 లక్షలు అనుకుని, అంత మేరకు బేరంలో తగ్గించమని అడగండి.

బేరానికి ముందు పడవను నీటి నుంచి పైకి తీయించి, పడవలను తనిఖీ చేసే స్వతంత్ర సర్వేయరు చేత చూపించాలి. ఇంజినీరుగా మీకు కొత్త కాదు గానీ, డబ్బు కోణంలో నేను చూడమనేవి ఇవి. కీల్ పైభాగం పడవ అడుగును కలిసే గీత వెంబడి తుప్పు చారలు గానీ, ముందు వైపు సన్నని చీలిక గానీ ఉంటే కీల్ బోల్టులను అనుమానించాలి. డెక్ మీద చిన్న సుత్తి పిడితో తడుతూ వెళ్తే టక్ టక్ మని గట్టిగా పలకవలసిన చోట మొద్దుగా, జీవం లేనట్టు శబ్దం వస్తే ఫైబర్ గ్లాస్ పొరల మధ్య నీరు చేరి, వాటి లోపలి చెక్క మెత్తబడిందని అర్థం. కొయ్యను నిలిపే ఉక్కు తీగలను ఎప్పుడు మార్చారో బిల్లు చూపలేకపోతే, వాటిని మార్చే ఖర్చు కూడా ధరలోంచి తీసేయండి. సర్వే ఫీజు మిగుల్చుకుందామని అనుకోవద్దు. బీమా కంపెనీ కూడా ఆ నివేదికే అడుగుతుంది.

పులికాట్ ఆలోచన మానుకోండి. మన జిల్లా సరస్సే, సూళ్లూరుపేట వరకు రోడ్డు బాగుంది, నిజమే. కానీ ఆ సరస్సు చాలా చోట్ల మీటరు లోతు కూడా ఉండదు, మీరు చూస్తున్న పడవల కీల్ నీటిలో 1.2 మీటర్లు దిగుతుంది. పైగా అది పక్షుల అభయారణ్యం. చెన్నై పోర్టులో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. సభ్యత్వం ఇస్తారా, ఆ పరిమాణం పడవకు చోటు ఉందా, పైకి తీసే క్రేన్‌కు ఎంత అన్న మూడు సంగతులు పడవ కొనక ముందే కనుక్కోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో పడవ ఒడ్డు మీదే ఉండాలి. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను చెన్నైని ఏం చేసిందో మీకు తెలుసు. మిగిలిన తొమ్మిది నెలల్లో, తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్లు వెళ్లి వస్తూ మీరు 30 రోజులు నడిపారనుకుందాం. ఫోక్‌బోటు అయితే రోజుకు 12,000 రూపాయలు, ఫైబర్ గ్లాస్ పడవ అయితే 5,000 రూపాయలు, ప్రయాణ ఖర్చు అదనం.

తోట ఆదాయాన్ని దీనికి ముడిపెట్టవద్దు. 2025 వేసవిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజులు మీరూ చూసే ఉంటారు. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి, ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలని చెప్పి, 12 రూపాయలు గిట్టేలా చూస్తామని ప్రకటించవలసి వచ్చింది. కాయ ధర పడిన ఏడాది పడవ ఖర్చు తగ్గదు. తోట డబ్బు వస్తే దాన్ని తెరచాపలు, తీగలు మార్చే రోజు కోసం విడి ఖాతాలో వేసుకోండి. ఏటా కట్టవలసిన ఖర్చు మాత్రం నిధి నుంచే లెక్క వేసుకోవాలి. పర్యాటకులను ఎక్కించి సంపాదించే ఆలోచన ఎవరైనా చెప్పినా వినకండి. గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం తర్వాత ఆ వ్యాపారానికి అనుమతులు, తనిఖీలు వేరే స్థాయిలో ఉన్నాయి, సొంత విహారానికి తీసుకున్న బీమా దానికి వర్తించదు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తేవడం అసలే కూడదు. అమ్మినప్పుడు నష్టం వచ్చినా, సొంత వాడకపు వస్తువు కాబట్టి దాన్ని ఆదాయపు పన్నులో చూపే వీలు లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

నా సలహా ఫైబర్ గ్లాస్ పడవకే, అదీ ఒక భాగస్వామితో. మొత్తం మీరే భరిస్తే నిధి 1.88 కోట్లకు తగ్గి, ఏటా తీసేది 8.1 లక్షలు, అంటే 4.3 శాతం అవుతుంది. హద్దు కొంచెం దాటినట్టే. సగం వాటా అయితే నిధి 1.94 కోట్లు, తీసేది 7.35 లక్షలు, 3.8 శాతం. ఒంటరిగా నడిపే ఇద్దరికి ఒకే పడవ ఇబ్బంది కాదు, ఒకరు వారం మధ్యలో, మరొకరు ఆదివారం తీసుకెళ్లవచ్చు. ఎవరైనా తప్పుకోదలిస్తే రెండో వారికి ముందు హక్కు ఎంతకాలం, వాటా విలువను ఎవరు నిర్ణయిస్తారు, ఒకరు మరణిస్తే వాటా ఎవరికి అన్నవి స్టాంపు కాగితం మీద రాసుకోండి.

ఇలా చేస్తే మిగిలిన నిధిలోంచి 30 లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో పెట్టే వీలు మిగులుతుంది. ఒక్కరి పేరిట గరిష్ఠ పరిమితి కూడా అంతే. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తుంది, దానిపై పన్ను ఉంటుంది. మీ వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీని ఒకసారి తీసి మినహాయింపుల పేజీ చదవండి. సాహస క్రీడలకు పరిహారం ఉండదని చాలా పాలసీల్లో ఉంటుంది, ఒంటరిగా సముద్రంలోకి వెళ్లడం అందులోకి వస్తుందా రాదా అన్నది కంపెనీ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఆ జవాబు, సర్వే నివేదిక రెండూ వచ్చాకే 12 లక్షల మీద బేరం మొదలుపెట్టండి.